న్యాయవాద వృత్తిని విడిచినా బాధితుల పక్షం వీడని ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులు

(డిసెంబరు 4 జయంతి సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

గుంటూరు పట్టణ ప్రజాజీవితానికి తొలి తరం దారి చూపిన వారిలో న్యాయవాదులే అధికం. కోర్టు ఆవరణలో కక్షిదారుల తరఫున వాదించిన వారే సాయంకాలం సభలలో దేశ పరిస్థితులను ప్రజలకు వివరించేవారు. దేశభక్త కొండా వెంకటప్పయ్య పంతులు, నడింపల్లి నరసింహారావు వంటి ప్రముఖులు ఆ కోవలోని వారు. వారి సరసన నిలిచి, వారందరికన్నా భిన్నమైన బాటలో నడిచిన వ్యక్తి ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులు. తెలుగు పాఠకలోకం ఆయనను మాలపల్లి నవలా రచయితగా గుర్తుంచుకొన్నది. ఆ కీర్తి ఆయనకు న్యాయంగా లభించినదే. అయితే నవల వెలువడక ముందు ఇరవై సంవత్సరాలు, వెలువడిన తరువాత ముప్పై అయిదు సంవత్సరాలు ఆయన, ఆయన సహధర్మచారిణి లక్ష్మీబాయమ్మ కలసి సాగించిన సేవ ఆ కీర్తి నీడలో కొంత మరుగున పడిపోయింది. జయంతి సభలలో నవల గురించి గంటల తరబడి ప్రసంగాలు సాగుతాయి. గుంటూరులో వారు నెలకొల్పిన వితంతు శరణాలయం గురించి, శారదానికేతనం గురించి రెండు మాటలతో సరిపెట్టడం పరిపాటి అయింది.

లక్ష్మీనారాయణ 1877 డిసెంబరు 4వ తేదీన వేములూరుపాడు గ్రామంలో శ్రీరాములు, శేషమ్మ దంపతులకు జన్మించారు. నాడు సత్తెనపల్లి తాలూకాలో ఉన్న ఆ గ్రామం నేడు గుంటూరు జిల్లా ఫిరంగిపురం మండలంలో ఉన్నది. ఆయన పుట్టేనాటికి గుంటూరు ప్రత్యేక జిల్లా కాదు, కృష్ణా జిల్లాలో అంతర్భాగం. 1904లో మాత్రమే గుంటూరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. స్వగ్రామంలో ప్రాథమిక విద్య ముగించుకొని, గుంటూరులో 1897లో మెట్రిక్యులేషన్ పూర్తి చేసిన ఆయన, అనంతరం రాజమహేంద్రవరంలో ఉపాధ్యాయ శిక్షణ పొందారు. కొంతకాలం బోధన వృత్తిలో ఉండి, పిమ్మట న్యాయశాస్త్ర పరీక్షలో ఉత్తీర్ణులై న్యాయవాద వృత్తిని చేపట్టారు.

ఆ రోజుల ఆచారం ప్రకారం ఆయన వివాహం చిన్న వయస్సులోనే, 1892లో లక్ష్మీబాయమ్మతో జరిగింది. ఆ దాంపత్యం ఆరు దశాబ్దాలకు పైగా కొనసాగింది. సంఘసంస్కర్తల జీవితచరిత్రలలో భార్య పేరు ఒక వాక్యంలో వచ్చి మరుగై పోవడం సాధారణం. ఉన్నవ వారి విషయంలో అట్లా రాయడం వాస్తవానికే విరుద్ధమవుతుంది. ఆయన చేపట్టిన ప్రతి కార్యక్రమం వారి ఇంటి నుంచి మొదలైంది. ఆ ఇంటిని నడిపినది ఆమె. ఆయన ఊరిలో లేనప్పుడు, జైలులో ఉన్నప్పుడు ఆ కార్యక్రమాలు ఆగిపోకుండా చూచినదీ ఆమే.

వితంతు పునర్వివాహాలకు చట్టబద్ధత కల్పిస్తూ 1856లోనే శాసనం వచ్చింది. తెలుగునాట తొలి వితంతు వివాహాన్ని 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు జరిపించారు. చట్టం వచ్చినా, తొలి వివాహాలు జరిగినా సమాజంలో వ్యతిరేకత తగ్గలేదు. అటువంటి పెళ్లికి వెళ్లిన వారి ఇంటికి పురోహితుడు రాడు, బంధువులు భోజనానికి కూర్చోరు. శుభకార్యాలకూ అశుభకార్యాలకూ పిలుపు ఉండదు. పసితనంలోనే భర్తను కోల్పోయిన బాలికలు పుట్టింట ఒక మూల జీవితమంతా గడపవలసి వచ్చేది. చట్టం ఇచ్చిన హక్కు వారి వరకు చేరాలంటే ముందు వారికి తలదాచుకొనే చోటు కావాలి, అక్షరజ్ఞానం కావాలి, వారి పక్షాన నిలిచే ఒక కుటుంబం కావాలి. ఉన్నవ దంపతులు 1902లో గుంటూరులో వితంతు శరణాలయాన్ని స్థాపించడంలోని ఆంతర్యం ఇదే. అప్పటికి లక్ష్మీనారాయణ వయస్సు పాతిక సంవత్సరాలు మాత్రమే.

వీరి కృషి వీరేశలింగం పంతులు దృష్టికి వెళ్లింది. ఆయన ఈ దంపతులను రాజమహేంద్రవరానికి ఆహ్వానించి, తాము నెలకొల్పిన శరణాలయ నిర్వహణలో బాధ్యతలు అప్పగించారు. కొన్నేళ్లు అక్కడ పనిచేసి వారు తిరిగి గుంటూరు చేరుకొన్నారు. లక్ష్మీనారాయణ గుంటూరులో న్యాయవాదిగా స్థిరపడుతూనే వితంతు వివాహాలను ప్రోత్సహించడం, కులభేదాలను పాటించకపోవడం, అస్పృశ్యతను వ్యతిరేకించడం కొనసాగించారు. ఒక జిల్లా కేంద్రంలో కొత్తగా ప్రాక్టీసు పెట్టుకొన్న న్యాయవాదికి కక్షిదారులు వచ్చేది ప్రధానంగా బంధువర్గం ద్వారా, కులపెద్దల ద్వారా. ఆ వర్గాలనే నొప్పించే పనులు చేస్తూ వృత్తిలో నిలదొక్కుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

ఆంధ్రోద్యమం అంకురించిన తొలి రోజులలోనూ ఆయన పాత్ర ఉన్నది. మద్రాసు రాష్ట్రంలో తెలుగు మాట్లాడే ప్రాంతాలన్నిటినీ ఒక్కటిగా చూపే ఆంధ్రదేశ పటాన్ని గుంటూరులో జొన్నవిత్తుల గురునాథం తదితరులతో కలసి రూపొందించి ప్రచారం చేసిన వారిలో ఆయన ఒకరు. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరగడానికి ముందు జరిగిన ఇటువంటి ప్రయత్నాలే ఆ సభకు నేల దున్ని పెట్టాయి.

అదే 1913లో ఆయన బారిస్టరు చదువు నిమిత్తం ఐర్లండు రాజధాని డబ్లిన్ నగరానికి వెళ్లారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై అయిదు దాటింది. నాటి డబ్లిన్ రెండు పెద్ద ఘటనలకు వేదిక అయింది. 1913 ఆగస్టు నుంచి మరుసటి సంవత్సరం ఆరంభం వరకు సాగిన కార్మిక పోరాటంలో వేలాది కుటుంబాలు పనులు కోల్పోయి పస్తులున్నాయి. 1916 ఏప్రిల్‌లో ఈస్టర్ తిరుగుబాటు చెలరేగింది. డివాలెరా వంటి నాయకుల పేర్లు ప్రపంచానికి పరిచయమైనవి ఆ తిరుగుబాటుతోనే. పరాయి పాలనలో ఉన్న చిన్న జాతి ఏ విధంగా తలయెత్తుతున్నదో, కూలి పెంపు కోసం సంఘం కట్టిన వారికి ఏమి జరుగుతున్నదో ఆలోచించడానికి ఆ సంవత్సరాలు ఆయనకు ఆస్కారం కల్పించాయి. స్వదేశానికి తిరిగి వచ్చిన కొద్ది కాలానికే 1917 రష్యా విప్లవ వార్తలు ఇక్కడికి చేరాయి. ఆయన ఆలోచనలలో గాంధీజీ మార్గం, శ్రామికవర్గ దృష్టి రెండూ పక్కపక్కనే కనిపించడానికి మూలం ఈ కాలంలోనే ఉన్నది.

బారిస్టరుగా తిరిగి వచ్చిన వ్యక్తికి నాడు సంపాదన, హోదా రెండూ అందుబాటులో ఉండేవి. అయితే 1920 డిసెంబరులో నాగపూర్ కాంగ్రెస్ సహాయనిరాకరణ తీర్మానాన్ని ధ్రువీకరించి, న్యాయస్థానాల బహిష్కారానికి పిలుపునిచ్చింది. 1921 మార్చి, ఏప్రిల్ మాసాలలో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ సంఘం కోటి మంది సభ్యులను, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలను, 20 లక్షల రాట్నాలను లక్ష్యంగా నిర్ణయించింది. ఆ పిలుపు అందుకొని లక్ష్మీనారాయణ న్యాయవాద వృత్తికి స్వస్తి చెప్పారు. ఆ నిర్ణయంతో కుటుంబ ఆదాయానికి ఆధారం తెగిపోయింది.

వృత్తిని విడిచిన న్యాయవాదికి వెంటనే ఒక పెద్ద వ్యాజ్యం ఎదురయింది. అది కోర్టులో దాఖలైనది కాదు. పలనాటి అటవీ గ్రామాల రైతులు తమ పశువులను అడవిలో మేపుకొన్నందుకు పుల్లరి చెల్లించాలని ప్రభుత్వం నిర్బంధించింది. చెల్లించలేని వారి పశువులను బందెలదొడ్డికి తోలించేవారు. వర్షాభావం గల ఆ మెట్ట ప్రాంతంలో పశువే రైతుకు ఆస్తి. అడవిలోని గడ్డి, కట్టె తరతరాలుగా అతని అనుభవంలో ఉన్నవి. 1921లో ఆ గ్రామాల ప్రజలు పుల్లరి చెల్లించడానికి నిరాకరించి, అటవీ సిబ్బందికి సహకారం మానివేశారు. పరిస్థితిని విచారించి రావడానికి కాంగ్రెస్ పక్షాన ఉన్నవ లక్ష్మీనారాయణ, మాడభూషి వేదాంతం నరసింహాచార్యులు మాచర్ల ప్రాంతానికి వెళ్లారు. ప్రభుత్వం ఇరువురినీ అరెస్టు చేసింది. లక్ష్మీనారాయణకు ఏడాది జైలు శిక్ష పడింది. ఆయన నిర్బంధంలో ఉండగానే 1922 ఫిబ్రవరిలో మించాలపాడు వద్ద పోలీసు కాల్పులలో కన్నెగంటి హనుమంతు నేలకొరిగారు. ఆ పలనాడు ఇప్పుడు 2022లో ఏర్పడిన ప్రత్యేక జిల్లాకు పేరుగా నిలిచింది.

శిక్షా కాలాన్ని ఆయన రాయవేలూరు జైలులో గడిపారు. మాలపల్లి నవల అక్కడే రూపుదిద్దుకొన్నది. సంగవిజయం అనేది దాని రెండవ పేరు. మంగళాపురం అనే గ్రామంలోని మాలపల్లెలో నివసించే రామదాసు కుటుంబం కథకు కేంద్రం. రామదాసు భక్తుడు, వేదాంతి, సొంత భూమి సాగుచేసుకొనే గృహస్థు. పెద్ద కుమారుడు వెంకటదాసు, చిన్న కుమారుడు సంగదాసు. సంగదాసు కూలీలను సంఘటితపరచి, శాంతియుత మార్గంలో న్యాయమైన కూలిని కోరిన యువకుడు. అతడు భూస్వామి చౌదరయ్య చేతిలో హతుడవుతాడు. చౌదరయ్య కుమారుడు రామానాయుడే సంగదాసుకు ప్రాణమిత్రుడు. వెంకటదాసు వేరు దారి పట్టి, తక్కెళ్ళ జగ్గడు అనే మారుపేరుతో ధనవంతులను దోచి పేదలకు పంచే బందిపోటుగా మారతాడు. భూమి పోయి, బిడ్డలు దూరమై, రామదాసు, మహాలక్ష్మి దంపతులు పడిన యాతన నవలలో అధిక భాగాన్ని ఆక్రమించింది.

దళిత కుటుంబాన్ని కథానాయక స్థానంలో నిలిపి ఇంత విస్తృతమైన తెలుగు నవల అంతకు ముందు రాలేదు. దాని భాష మరొక విశేషం. గ్రాంథిక, వ్యావహారిక వివాదం ఇంకా సద్దుమణగని రోజులవి. అటువంటి సమయంలో గుంటూరు ప్రాంతపు పల్లెజనం మాట్లాడే పలుకుబడిని, వారి సామెతలను, యాసను ఆయన నవలలోకి ధైర్యంగా తెచ్చారు. కోర్టు, పోలీసు ఠాణా, సెటిల్‌మెంటు, జైలు వంటి చోట్ల పేదవానికి ఎదురయ్యే అనుభవాలను ఆయన వర్ణించిన తీరులో న్యాయవాది చూపు స్పష్టంగా తెలుస్తుంది. కక్షిదారుల నోట విన్న మాట ఏదీ ఆయన మరచిపోలేదని పాఠకునికి తోస్తుంది. నవలలో గాంధేయ దృక్పథం పాలు ఎక్కువనీ, దళితుల వేదనను అగ్రవర్ణ సంస్కర్త కళ్లతో చూచారనీ తరువాతి తరం విమర్శకులు అన్నారు. ఆ విమర్శలో కొంత సత్యం లేకపోలేదు. రామదాసు వేదాంత చర్చలు నేటి పాఠకునికి దీర్ఘంగానే అనిపిస్తాయి. అయినప్పటికీ 1922లో ఆ ప్రశ్నలను ఆ స్థాయిలో వేసిన నవల మరొకటి లేదన్నది కాదనలేని విషయం.

బెల్లంకొండ రాఘవరావు దీనిని ప్రచురణకు తీసుకొన్నారు. దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు పీఠిక సమకూర్చారు. 1922లో తొలి భాగాలు వెలువడగా, మరుసటి సంవత్సరమే మద్రాసు ప్రభుత్వం నవలపై నిషేధం విధించింది. ఈ విషయం శాసనమండలిలోనూ చర్చకు వచ్చింది. అనంతరం కొన్ని మార్పులతో వెలువరించడానికి అనుమతి లభించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం దీనిని పాఠ్యగ్రంథంగా స్వీకరించగా, 1936లో ప్రభుత్వం మరల అడ్డుపడి నిషేధించింది. 1937లో రాజగోపాలాచారి నాయకత్వాన కాంగ్రెస్ మంత్రివర్గం ఏర్పడిన తరువాత ఆ నిషేధం తొలగిపోయింది. ఒక నవల రెండు పర్యాయాలు నిషేధానికి గురికావడం తెలుగు సాహిత్య చరిత్రలో అరుదైన సంగతి. ఈ సందర్భంలో ఒక చిన్న సవరణ అవసరం. గూడవల్లి రామబ్రహ్మం 1938లో నిర్మించిన మాలపిల్ల చలనచిత్రానికి ఈ నవల ఆధారమని అప్పుడప్పుడు వార్తలలో కనిపిస్తున్నది. అది సరికాదు. ఆ చిత్ర కథ గుడిపాటి వెంకటచలం గారిది. పేర్ల సామ్యం వల్లనే ఈ పొరపాటు దొర్లుతున్నది.

పలనాటితో ఆయన అనుబంధం జైలుతో ముగియలేదు. పల్నాటి వీరచరిత్రలోని నాగమ్మను ప్రధాన పాత్రగా తీసుకొని నాయకురాలు అనే నాటకాన్ని రచించారు. సంప్రదాయ కథనంలో కుట్రలకు ప్రతీకగా నిలిచిన స్త్రీని రాజనీతిజ్ఞురాలిగా చూపే ప్రయత్నం అందులో ఉన్నది. స్వరాజ్య సోది, బుడబుక్కల జోస్యం, భావతరంగాలు ఆయన ఇతర రచనలు. సోది, జోస్యం వంటి జానపద రూపాలలో రాజకీయ విషయాలు చెప్పడం పల్లెప్రజలకు ఉద్యమాన్ని చేరువ చేయాలన్న ఉద్దేశంతోనే.

శారదానికేతనం ఈ దంపతుల జీవితకార్యం. 1922లో గుంటూరులో బాలికల, స్త్రీల విద్య కోసం వారు ఈ సంస్థను నెలకొల్పారు. శరణాలయం అనుభవం నుంచే ఈ ఆలోచన పుట్టింది. నిరాశ్రయురాలైన స్త్రీకి పునర్వివాహం ఒక్కటే మార్గం కాకూడదు. వివాహం చేసుకొన్నా, చేసుకోకపోయినా ఆమె తన కాళ్లపై తాను నిలబడగలగాలి. అందుకు విద్య, వృత్తి రెండూ కావాలి. శారదానికేతనంలో తెలుగు, సంస్కృతం బోధించి విద్యార్థినులను ప్రాచ్య భాషా పరీక్షలకు సిద్ధం చేసేవారు. నూలు వడకడం, కుట్టుపని వంటి వృత్తివిద్యలు నేర్పేవారు. వితంతువులకు, భర్త వదిలివేసిన వారికి, పేద కుటుంబాల బాలికలకు అక్కడ వసతితో కూడిన విద్య లభించింది. భాషా పరీక్షలలో ఉత్తీర్ణులైన స్త్రీకి పాఠశాలలో తెలుగు పండితురాలిగా ఉద్యోగానికి అర్హత కలిగేది. నెల జీతం వచ్చే ఉపాధ్యాయినిని పుట్టింటి వారూ అత్తింటి వారూ వంటింటి మూల కూర్చోబెట్టలేరు. ఎన్నో ఉపన్యాసాలు సాధించలేని మార్పు ఇది.

ఆ సంస్థకు నిలకడైన ఆదాయం లేదు. పలుకుబడి గల న్యాయవాది వృత్తిలో ఉన్నప్పుడు చందాలు సులభంగా వస్తాయి. వృత్తి విడిచి, జైలుకు వెళ్లి వచ్చి, ప్రభుత్వ ఆగ్రహానికి గురైన వ్యక్తి అడిగితే ఇచ్చే వారు తగ్గుతారు. విరాళాల కోసం తిరగడం, వసతిగృహంలో బియ్యం నిండుకోకుండా చూడడం, పిల్లల ఆరోగ్యం, చదువులు, ఇంటి నుంచి కోపంతో వచ్చే బంధువులకు సమాధానం చెప్పడం వంటివన్నీ నిత్యకృత్యాలు. ఈ భారంలో పెద్ద వాటాను లక్ష్మీబాయమ్మ మోశారు. ఆమె కేవలం సంస్థ నిర్వాహకురాలు కాదు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలు శిక్ష అనుభవించిన స్వాతంత్ర్య సమరయోధురాలు. గుంటూరు జిల్లా స్త్రీలు అధిక సంఖ్యలో ఆ ఉద్యమంలోకి రావడం వెనుక శారదానికేతనం వంటి సంస్థలు కలిగించిన చైతన్యం ఉన్నది.

లక్ష్మీనారాయణ కూడా ఉప్పు సత్యాగ్రహ కాలంలో, తిరిగి 1942 క్విట్ ఇండియా ఉద్యమ సమయంలో కారాగారవాసం అనుభవించారు. చివరిసారి జైలుకు వెళ్లేనాటికి ఆయనకు అరవై అయిదేళ్లు. ఉద్యమంలో ఆయన సహచరులు పలువురు శాసనసభలలో, మంత్రివర్గాలలో స్థానాలు అలంకరించారు. ఆయన మాత్రం శారదానికేతనాన్నే తన కార్యక్షేత్రంగా ఎంచుకొన్నారు. గుంటూరులోనే ఉండి, ఆ విద్యార్థినుల నడుమనే వృద్ధాప్యం గడిపారు.

తాను యౌవనంలో పటంలో గీసి చూపిన ఆంధ్రదేశం రాష్ట్రంగా అవతరించడాన్ని ఆయన కళ్లారా చూశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాయి. 1953లో వచ్చిన ఆంధ్ర రాష్ట్రానికి హైకోర్టు గుంటూరులోనే వెలిసింది. న్యాయస్థానాలను బహిష్కరించి నల్లకోటు విడిచిన న్యాయవాది నివసిస్తున్న పట్టణానికే రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం నడచి రావడం ఒక విచిత్రమైన సంయోగం.

ఆ ఆనందాన్ని పంచుకోవలసిన లక్ష్మీబాయమ్మ 1956లో కన్నుమూశారు. అరవై నాలుగు సంవత్సరాల సాహచర్యం అంతటితో ముగిసింది. రెండేళ్ల అనంతరం 1958 సెప్టెంబరు 25న లక్ష్మీనారాయణ పంతులు తమ ఎనభై ఒకటవ ఏట పరమపదించారు.

మాలపల్లి నేటికీ పునర్ముద్రణలు పొందుతూ, విశ్వవిద్యాలయాలలో పరిశోధనాంశంగా కొనసాగుతున్నది. శరణాలయంలో, శారదానికేతనంలో చదువుకొని ఉపాధ్యాయినులుగా స్థిరపడిన స్త్రీల పేర్లు మాత్రం ఏ గ్రంథంలోనూ ఒక్కచోట చేరలేదు. వారు పనిచేసిన బడుల హాజరు పట్టీలలో, వారి చేతి మీదుగా అక్షరాలు దిద్దిన కుటుంబాల జ్ఞాపకాలలో ఆ వివరాలు చెల్లాచెదురుగా ఉన్నాయి.